రాలిన పిందె చెప్పే సాక్ష్యం: పెరటి మామిడిలో పిందె రాలుడు

ఫాల్గుణ మాసం వచ్చేసరికి తెలుగునాట వ్యవసాయ, ఉద్యాన విస్తరణ కేంద్రాలకు అందే ప్రశ్నలలో ఒకటి ఏటా మారదు. పెరటిలోని మామిడి చెట్టు విరగబూసింది, పిందె దండిగా పట్టింది, ఇప్పుడు తెల్లవారేసరికి చెట్టు కింద చాప పరచినట్లు రాలి ఉంటున్నది, ఏ మందు కొట్టాలి అన్నదే ఆ ప్రశ్న. అడిగేవారు తోట రైతులు కారు, ఒకే ఒక చెట్టున్న గృహస్థులు. ఆ చెట్టు మీద వారికి ఆదాయపు ఆశ ఉండదు. ఉగాది పచ్చడికి లేత కాయ, వేసవిలో ఆవకాయకు పుల్లని కాయ, సెలవులకు వచ్చే పిల్లలకు నాలుగు పండ్లు దక్కితే చాలునని వారి కోరిక. ఆ కొద్దిపాటి కోరికే నేలపాలవుతున్నదని వారి బాధ.

ఈ ప్రశ్నకు తరచుగా దొరికే సమాధానం రెండు మందుల పేర్లు: ఒక హార్మోను, ఒక పురుగుమందు. చెట్టును గాని, రాలిన పిందెను గాని చూడకుండానే ఆ సమాధానం వెలువడుతుంది. దాని ఫలితంగా తాగునీటి బావి, ఆరవేసిన బట్టలు, ఆడుకునే పిల్లలు ఉన్న పెరటిలో అవసరం ఉన్నదో లేదో తెలియని విషం చల్లబడుతుంది. మందు కొట్టినా రాలుడు ఆగని ఇళ్ళలో మూడు నాలుగేళ్ళు ఓపిక పట్టి, చివరకు చెట్టు పనికిరానిదని కొట్టివేయడమూ కద్దు. అందువల్ల పిందె ఎందుకు రాలుతుంది, ఏ రాలుడు సహజం, ఏది వ్యాధి లేక పురుగు లక్షణం అన్న వివేచన విస్తరణ శాస్త్రవేత్తకు మందుల జాబితా కన్నా ముందు అవసరం.

లెక్క ముందు, వైద్యం తరువాత

పూసిన పూలన్నీ కాయలు కావన్నది ఇంటింటా తెలిసిన మాటే. ఎన్ని కావో తెలిసినవారు తక్కువ. మామిడి పూగుత్తిలో వెయ్యి మొదలు కొన్ని వేల వరకు పూలుంటాయి. వాటిలో అధిక భాగం మగ పూలు. అవి పుప్పొడి ఇచ్చి రాలిపోవలసినవే. కాయగా మారగల ద్విలింగ పుష్పాల నిష్పత్తి రకాన్ని బట్టి, ఏటి వాతావరణాన్ని బట్టి మారుతుంది. ఆ ద్విలింగ పుష్పాలలోనూ నూటికి ఒకటి కూడా కోతదాకా నిలవదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మధ్యవయసు బంగినపల్లి చెట్టుకు 400 పూగుత్తులు ఉన్నాయనీ, గుత్తికి 30 చొప్పున పిందె కట్టిందనీ అనుకుంటే మొత్తం పిందెలు 12,000. అవన్నీ నిలిచి ఒక్కొక్కటి 350 గ్రాముల పండు అయితే 4,200 కిలోల బరువు. ఏ పెరటి చెట్టు కొమ్మలూ ఆ బరువును మోయలేవు, ఏ చెట్టు ఆకులూ అన్ని కాయలకు చాలినంత పిండిపదార్థాన్ని తయారు చేయలేవు. అదే చెట్టులో రెండు గుత్తులకు ఒక కాయ చొప్పున నిలిచినా 200 కాయలు, అంటే 70 కిలోల పండ్లు చేతికి వస్తాయి. ఒక కుటుంబానికి అది నిండైన కాపు. ఆ నిండైన కాపు దక్కిన ఏడాది కూడా చెట్టు కింద రాలిన పిందెలు 11,800.

ఈ లెక్కను గృహస్థునికి ముందుగా చెప్పడం వైద్యంలో సగం. రాలిన వాటి సంఖ్య చెట్టు ఆరోగ్యానికి కొలమానం కాదు. ఎప్పుడు రాలాయి, ఏ స్థితిలో రాలాయి, చెట్టు మీద ఇంకా ఎన్ని మిగిలాయి అన్నవే కొలమానాలు.

చెట్టు పిందెను ఎలా విడుస్తుంది

పిందె రాలడం తెగిపోవడం వంటిది కాదు. చెట్టు చేసే ఒక క్రమబద్ధమైన పని. తొడిమ మార్గంలో ఒకచోట చిన్న కణాలతో ఏర్పడిన పలుచని మండలం ఉంటుంది. దీనిని విచ్ఛేదన మండలం అంటారు. పిందె లోపలి విత్తనం ఎదుగుతున్నంతకాలం ఆక్సిన్ అనే హార్మోను ఉత్పత్తి అయి తొడిమ గుండా కొమ్మవైపు ప్రవహిస్తూ ఉంటుంది. ఆ ప్రవాహం నిలకడగా ఉన్నంతవరకు విచ్ఛేదన మండలం నిద్రాణంగా ఉంటుంది. ప్రవాహం క్షీణించగానే అక్కడి కణాలు ఇథిలీన్ వాయువుకు స్పందించే స్థితికి వస్తాయి. సెల్యులేజ్, పెక్టినేజ్ వంటి ఎంజైములు కణాలను అంటిపెట్టి ఉంచే పదార్థాన్ని కరిగిస్తాయి. అటుపైన చిరుగాలి తగిలినా పిందె నేల మీదికి చేరుతుంది.

ఈ శాస్త్రంలో తెలుగు రైతుకు చిరపరిచితమైన పంటకూ పాత్ర ఉన్నది. 1963లో అమెరికాలో ఆడికాట్ బృందం లేత పత్తికాయల నుండి, కాయ రాలుడును పరిశోధిస్తూ, ఒక పదార్థాన్ని వేరుచేసింది. అదే తరువాత అబ్సిసిక్ ఆమ్లంగా పేరొందింది. రాలుడు పేరనే నామకరణం పొందినప్పటికీ, రాలుడును నేరుగా నడిపించడంలో దాని పాత్ర కన్నా ఇథిలీన్ పాత్ర ప్రధానమని తరువాతి పరిశోధనలు తేల్చాయి. నీటి ఎద్దడి వేళ చెట్టులో అబ్సిసిక్ ఆమ్లం పెరగడం మాత్రం నిర్వివాదాంశం.

సారాంశమేమంటే, విత్తనం పంపే ఆక్సిన్ సందేశం పిందె బతికి ఉన్నదని చెట్టుకు తెలిపే వార్త వంటిది. వార్త ఆగితే చెట్టు ఆ పిందెకు ఆహారం మానుతుంది. బంగినపల్లి వంటి మన వాణిజ్య రకాలలో విత్తనానికి ఒకే పిండం ఉంటుంది. ఆ ఒక్కటి నశిస్తే ఆ లోటు పూరించే మరొక పిండం ఉండదు.

పీచ్ చెట్టు నేర్పిన పాఠం

ఈ సూత్రం ప్రయోగపూర్వకంగా వెల్లడైన పంటలలో పీచ్ ఒకటి. శీతకాలపు చలి చాలినంత సోకనిదే మొగ్గ విచ్చని ఆ చెట్టు మన మైదానాలకు పరాయిది. అయినప్పటికీ, టెంక గల పండు కావడం వల్ల మామిడిని అర్థం చేసుకోవడానికి అది ఉపకరిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా ప్రయోగకేంద్రంలో పనిచేసిన హెచ్.బి. ట్యూకీ 1930లలో ఎదుగుతున్న పీచ్, చెర్రీ కాయలలోని పిండాలను ఉద్దేశపూర్వకంగా నశింపజేసి పరిశీలించాడు. ఎదుగుదల తొలి భాగంలోనే పిండాన్ని కోల్పోయిన కాయలు పెరుగుదల ఆగి, ముడుచుకుపోయి రాలాయి.

పీచ్ సాగులో మరొక ఆచారం మన గృహస్థులకు ఆశ్చర్యం కలిగిస్తుంది. సహజంగా రాలగా మిగిలిన పిందెలను సైతం అక్కడి సాగుదారులు చేతితో తుంచివేస్తారు. కొమ్మ మీద కాయకూ కాయకూ నడుమ 15 నుండి 20 సెంటీమీటర్ల ఎడం ఉండేలా చూస్తారు. ఆ పని చేయని ఏడాది కాయలు చిన్నవవుతాయి, కొమ్మలు విరుగుతాయి, మరుసటి ఏటి పూత తగ్గుతుంది. పీచ్ సాగుదారు కూలి ఇచ్చి చేయించుకునే పనిని మామిడి చెట్టు చాలావరకు తనంతట తానే చేసుకుంటున్నది.

మూడు దశలు

మామిడిలో రాలుడును పిందె పరిమాణాన్ని బట్టి మూడు దశలుగా విభజించి చూడటం విస్తరణ కార్యకర్తకు అనుకూలం.

మొదటిది ఆవగింజ పరిమాణపు దశ. సంఖ్యలో ఎక్కువ రాలుడు ఇప్పుడే జరుగుతుంది. ఫలదీకరణ జరగని అండాశయాలు ఇందులో అధికం. మామిడిలో పరాగసంపర్కం ముఖ్యంగా ఈగలు, తేనెటీగలు వంటి కీటకాల ద్వారా సాగుతుంది. పూత సమయంలో మబ్బు, మంచు, వాన ఉంటే కీటకాల రాకపోకలు తగ్గుతాయి. చలి తీవ్రమైతే పుప్పొడి నాళం ఎదుగుదల మందగిస్తుంది. బూడిద తెగులు, తేనెమంచు పురుగు ఈ దశలోనే పూతనూ పిందెనూ దెబ్బతీస్తాయి. నిండు పూత మీద పురుగుమందు చల్లితే పరాగసంపర్కం జరిపే ఈగలు కూడా చనిపోతాయి. పిందె నిలపాలని చేసిన పని పిందె కట్టకుండా చేస్తుంది.

రెండవది బఠాణీ గింజ నుండి గోళీ పరిమాణం వరకు గల దశ. ఫలదీకరణ జరిగినా పిండం మధ్యలో నశించిన పిందెలు, ఒకే గుత్తిలో పోటీకి నిలవలేని పిందెలు ఇప్పుడు రాలుతాయి. ముందుగా కట్టి బలపడిన పిందె ఆహారాన్ని తనవైపు లాగుకొనగా, వెనుకబడినవి రాలిపోతాయి. నీటి ఎద్దడి ప్రభావం కూడా ఈ దశలో ప్రస్ఫుటం.

మూడవది నిమ్మకాయ పరిమాణం మొదలు కోత వరకు. రాలేవి సంఖ్యలో తక్కువైనా ఇక్కడ రాలిన ప్రతి కాయా నిజమైన నష్టమే. చెట్టు ఎంపిక అప్పటికే ముగిసింది. నిలుపుకోదలచిన కాయలనే అది మోస్తున్నది. కాయ తొలిచే పురుగు, టెంక పురుగు, పండు ఈగ, వేసవి గాలివానలు ఈ దశ రాలుడుకు ప్రధాన కారణాలు.

గృహస్థుల స్పందన సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటుంది. మొదటి దశలో వేల సంఖ్యలో రాలినప్పుడు ఆందోళన చెందుతారు. మూడవ దశలో రోజుకు నాలుగైదు కాయలు రాలితే గాలికి రాలాయని సరిపెట్టుకుంటారు. ఈ దృష్టిని సరిచేయడమే విస్తరణ సేవ నుండి వారికి అందవలసిన తొలి ఉపకారం.

కోసి చూస్తే

రోగనిర్ణయానికి కావలసిన పరికరాలు ఒక కత్తి, ఒక భూతద్దం. సాయంకాలం చెట్టు కింద శుభ్రంగా ఊడ్పించి, మరునాటి ఉదయం రాలి ఉన్న వాటిలో ఇరవై ఇరవైఐదు పిందెలు ఏరాలి. పాతవి పనికిరావు, రాలిన తరువాత ఎండకు విత్తనం వడలుతుంది కనుక అది చెట్టు మీదే నశించిందో, నేల మీద వడలిందో తేల్చలేము.

ముందుగా పిందె విడిపోయిన చోటును చూడాలి. అది నున్నగా, శుభ్రంగా ఉంటే విచ్ఛేదన మండలం దగ్గర చెట్టే విడిచిందని అర్థం. పీచులు తేలి, చిరిగినట్లుంటే గాలి, ఉడుత, కోతి వంటి బాహ్యకారణం ఉన్నది. తరువాత పై తొక్కను పరీక్షించాలి. తెల్లని పొడి బూడిద తెగులుకూ, నల్లని గుంట మచ్చలు ఆంత్రాక్నోస్‌కూ సూచన. ఆకులు, పిందెలు జిగటగా ఉండి నల్లని మసి పట్టి ఉంటే తేనెమంచు పురుగు ఉన్నట్లే. కొమ్మను కదిపినప్పుడు చిన్న పురుగులు టపటపమని ఎగురుతాయి.

అటుపైన పిందెను నిలువునా కోయాలి. విత్తనం గోధుమరంగుకు తిరిగి ముడుచుకొని ఉంటే పిండం నశించింది. అది సహజమైన ఏరివేత. విత్తనం తెల్లగా, నిండుగా ఉండి కూడా పిందె రాలితే నీటి ఎద్దడిని, వేడిగాలిని లేదా అకస్మాత్తుగా అధికంగా పెట్టిన నీటిని అనుమానించాలి.

కాయ కింది భాగంలో రంధ్రం, దాని నుండి కారి ఎండిన నల్లని చార, లోపల విసర్జన పదార్థం కనబడితే కాయ తొలిచే పురుగు పని. ఎరుపు, తెలుపు పట్టీలు గల దాని లార్వా గుజ్జును దాటి విత్తనాన్ని తింటుంది. కోస్తా జిల్లాల తోటలకు ఇది పాత శత్రువు. టెంక పురుగు తీరు వేరు. తల్లిపురుగు లేత కాయ తొక్క మీద గుడ్డు పెట్టగా, లోనికి చొచ్చిన పిల్లపురుగు చేసిన దారి కాయ ఎదిగేకొద్దీ పూడుకుపోతుంది. పైకి రంధ్రమేమీ కనబడదు. టెంకను చీల్చితే గాని పురుగు దొరకదు. మాగదశలో రాలిన మెత్తని కాయలో తెల్లని పురుగులు ఎగిరి దూకుతూ కనబడితే అవి పండు ఈగ పిల్లలు.

ఇరవై పిందెలలో పదహారు పదిహేడింటి విత్తనాలు ముడుచుకుపోయి, పురుగు తెగులు జాడ లేకుంటే ఆ చెట్టుకు మందు అవసరం లేదు. మూడవ దశలో ఇరవైలో నాలుగైదింటిలో పురుగు కనబడినా వెంటనే చర్య తీసుకోవాలి. ఆ చర్యలలో అగ్రస్థానం రాలిన కాయలను రోజూ ఏరి, రెండడుగుల లోతున పూడ్చివేయడానిదే. టెంక పురుగు, పండు ఈగ రాలిన కాయ నుండే మరుసటి తరానికి సాగుతాయి. ఒక్క చెట్టున్న ఇంట ఈ పనికి రోజుకు పది నిమిషాలు చాలు. పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఎరలు తోడ్పడతాయి. బూడిద తెగులు నిర్ధారణ అయితే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం పిచికారీ సరిపోతుంది.

నీరు, నేల, సిమెంటు

పెరటి చెట్టుకు నీరు అందే తీరు తోటలోని తీరుకు భిన్నం. వంటింటి నీరు రోజూ మొదట్లోకే చేరుతుంది, లేదా నెలల తరబడి చుక్క అందక, పిందె రాలుతున్నదని గమనించిన నాడు ఒక్కసారిగా పాదు నిండుతుంది. రెండూ హానికరమే. నీటిని పీల్చే సన్నని వేళ్ళు మాను మొదట్లో ఉండవు. కొమ్మల నీడ అంచు పడే పరిధిలో విస్తరించి ఉంటాయి. పాదు అక్కడ ఉండాలి. పూతకు ముందు నీరు నిలిపి, పిందె బఠాణీ గింజంత అయినప్పటి నుండి నేల స్వభావాన్ని అనుసరించి 10 నుండి 15 రోజులకొకసారి సమంగా తడి ఇవ్వాలి. ఎండుటాకులను పాదులో పరిస్తే తడి నిలుస్తుంది. అయితే పురుగు సోకిన కాయలు వాటి మాటున దాగకుండా చూసుకోవాలి.

పట్టణాలలో మరొక కారణం పెరుగుతున్నది. వాకిలి అంతటా సిమెంటు వేసి, మాను చుట్టూ మూరెడు జాగా మాత్రమే విడిచిన ఇళ్ళలో చెట్టు ఏటా పూస్తుంది, పిందె పడుతుంది, ఎండ ముదరగానే రాల్చివేస్తుంది. ప్రహరీ పునాదికో, మురుగు గొట్టానికో వేళ్ళు నరికిన మరుసటి వేసవిలోనూ అంతే. ఆకుల కొనలు మాడి ఉంటే బోరు నీటిలోని ఉప్పును అనుమానించి నీటి పరీక్ష చేయించాలి. ఇటువంటి చెట్లకు ఏ పిచికారీ అయినా వృథా. నీడ అంచు మేరకు నేలను తెరిపించడమే మార్గం.

ఎరువు విషయంలోనూ జాగ్రత్త అవసరం. పిందె దశలో యూరియా వేస్తే కొత్త చిగురు పుట్టి, పిందెకు దక్కవలసిన ఆహారానికి పోటీ వస్తుంది. పశువుల ఎరువు, రసాయనిక ఎరువులు కోత ముగిశాక తొలకరిలో వేయడం మేలు. నాటిన తొలి మూడు నాలుగేళ్ళలో అంటుమొక్క పూసినా పిందె నిలవకపోవడం లోపం కాదు. ఆ వయసులో పూతను తుంచివేయడమే మొక్కకు క్షేమం.

హార్మోను: ఎప్పుడు, ఎంత

నాఫ్తలిన్ అసిటిక్ ఆమ్లం కృత్రిమ ఆక్సిన్. విత్తనం నుండి రావలసిన సందేశానికి అది కొంతకాలం ప్రత్యామ్నాయంగా పనిచేస్తుంది. మామిడిలో పిందె బఠాణీ గింజ పరిమాణంలో ఉన్నప్పుడు 10 నుండి 20 పి.పి.ఎం. గాఢతలో వాడటం సిఫారసులలో ఉన్నది. బజారులో దొరికే 4.5 శాతం ద్రావణాన్ని 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. కలిపితే 10 పి.పి.ఎం., 2 మి.లీ. కలిపితే 20 పి.పి.ఎం. అవుతుంది. సీసా మూతతో ఉజ్జాయింపుగా పోస్తే ఈ గాఢత సులభంగా అనేక రెట్లు మించిపోతుంది.

మించితే ఏమవుతుందో ఆపిల్ తోటలు చెబుతాయి. అక్కడ ఇదే ఆమ్లాన్ని రెండు విరుద్ధ ప్రయోజనాలకు వాడతారు. పూత ముగిసిన కొద్దిరోజులకు చల్లితే అధికంగా ఉన్న పిందె రాలుతుంది. కోతకు ముందు చల్లితే కాయ రాలకుండా నిలుస్తుంది. పదార్థం ఒకటే, వేళ మారితే ఫలితం మారింది. కనుక దశను నిర్ధారించకుండా హార్మోనును సిఫారసు చేయడం శాస్త్రసమ్మతం కాదు. పైగా నశించిన పిండాన్ని ఏ హార్మోనూ బతికించలేదు. పురుగు తొలిచిన కాయను నిలిపితే పురుగుకు ఆశ్రయం ఇచ్చినట్లే. ముప్ఫై అడుగుల పాత చెట్టుకు చేతిపంపుతో చల్లిన మందులో చెట్టుకు చేరేదెంత, ప్రహరీ దాటి పొరుగింటికి చేరేదెంత అన్నదీ ఆలోచించవలసినదే.

ఆగిందా, ఆపామా?

అనవసరమైన పిచికారీలు ఇంతగా వ్యాపించడానికి ఒక బలమైన కారణం ఉన్నది. రాలుడు ఉధృతంగా ఉన్న రోజునే గృహస్థుడు మందు కొడతాడు. ఉధృతి తరువాత రాలుడు సహజంగానే తగ్గుతుంది, ఎందుకంటే రాలవలసినవి రాలిపోయాయి. వారం తరువాత చెట్టు కింద నేల శుభ్రంగా కనబడేసరికి మందు పనిచేసిందన్న నమ్మకం స్థిరపడుతుంది. ఆ నమ్మకం పొరుగింటికి పాకుతుంది. మందు కొట్టని చెట్టుతో పోల్చి చూసినవారు ఉండరు.

ఈ భ్రమను తొలగించే పరీక్ష విద్యార్థులు ఏ పెరటిలోనైనా చేయదగినది. చెట్టుకు నాలుగు దిక్కులలో దిక్కుకు ఐదు చొప్పున ఇరవై పూగుత్తులకు గుర్తు దారాలు కట్టి, ప్రతి వారం ఒకే రోజున పిందెలను లెక్కించాలి. పిచికారీ చేయవలసి వస్తే గుర్తు పెట్టిన గుత్తులలో సగాన్ని ఆ సమయంలో పాలిథీన్ సంచితో కప్పి, మందు ఆరిన వెంటనే సంచి తీసివేయాలి. ఎండ ప్రభావం సమానంగా ఉండటానికి ప్రతి దిక్కులోనూ కప్పినవీ కప్పనివీ ఉండాలి. కోతనాటికి రెండు వర్గాలలో నిలిచిన కాయల తేడాయే మందు ఫలం. తేడా లేకుంటే, మరుసటి ఏడాది ఆ ఖర్చు, ఆ విషం ఆ ఇంటికి తప్పుతాయి.

పెరటి చెట్టు గురించి ప్రశ్న వచ్చినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త తిరిగి అడగవలసినవి మూడు. పిందె పరిమాణం ఎంత? గుత్తికి ఇంకా ఎన్ని మిగిలాయి? నీరు ఎప్పుడు, ఎక్కడ పోస్తున్నారు? ఆ మీదట చెప్పవలసిన మాట ఒకటున్నది: ఈ సాయంకాలం చెట్టు కింద ఊడ్పించి, రేపు ఉదయం రాలినవి ఇరవై ఏరి తీసుకురండి. గృహస్థుని కళ్ళ ఎదుటే వాటిని కోసి చూపితే, మరుసటి ఫాల్గుణంలో ఆ కత్తిని ఆయనే చేతబడతాడు.